చమురు మైనం, ఈస్టు, టూత్‌బ్రష్

(విజయవాడలో మైక్రోబయాలజీ విద్యార్థులు, కోళ్ళ దాణా, చేపల మేత వ్యాపారంలో ఉన్నవాళ్ళు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం. సభలో అడిగిన ప్రశ్నల్లో రెండింటిని చివర ఉంచాం.)

అందరికీ నమస్కారం.

బయట బ్యానరు మీద ‘పెట్రోలు తాగే సూక్ష్మజీవులు’ అని వేశారు. చూడగానే ఆగి చదివేలా ఉంది, కాదనను. కానీ పెట్రోలు ఈస్టుకు విషమండి. అందులో ఎక్కువగా ఉండే చిన్న చిన్న అణువులు, అంటే అయిదు నుంచి తొమ్మిది కార్బన్లున్నవి, కణం పై పొరలో చొరబడి దాన్ని పాడుచేస్తాయి. ఈస్టుకు రుచించేది కాస్త బరువైన సరుకు. కిరోసిన్‌లోనూ డీజిల్‌లోనూ పదికి పైన, పద్దెనిమిది దాకా కార్బన్లు వరసగా, కొమ్మలు లేకుండా గొలుసు కట్టిన అణువులుంటాయి. వాటిని నార్మల్ పారాఫిన్లు అంటారు. కొవ్వొత్తి మైనం కూడా ఈ కుటుంబంలోదే, గొలుసు ఇంకా పొడుగు. పెట్రోలు ట్యాంకులో కనపడని జిగురు మీ అపార్టుమెంటు జనరేటరు డీజిల్ ట్యాంకు అడుగున కనపడేది ఇందుకే.

ఆ జిగురు దగ్గర్నుంచే మొదలుపెడదాం. మెకానిక్ వచ్చి ఫిల్టరు విప్పి, నల్లగా జారుతున్న పొరను చూపించి ‘డీజిల్ కల్తీ సార్’ అంటాడు. కల్తీ కూడా అయి ఉండొచ్చు, మన ఊళ్ళో దేన్నీ కాదనలేం. చాలాసార్లు మాత్రం అది ప్రాణమున్న సరుకు. ట్యాంకు అడుగున రాత్రి చల్లదనానికి చెమ్మ చేరి నాలుగు చుక్కల నీళ్ళు నిలుస్తాయి. పైన డీజిల్, కింద నీళ్ళు. ఆ రెంటి సరిహద్దులో బూజు కాపురం పెడుతుంది. తిండి పైనుంచి, నీళ్ళు కిందనుంచి. ఇందులో పేరుమోసినది ఒకటుంది, దాన్ని కిరోసిన్ ఫంగస్ అనే పిలుస్తారు. శాస్త్రీయంగా క్లాడోస్పోరియం రెసినే అనేవారు, తర్వాత పేరు మార్చి అమార్ఫోతెకా రెసినే చేశారు. జెట్ విమానాలు వచ్చాక ఇది పెద్ద తలనొప్పయింది. విమానం రెక్కల్లోనే ఇంధనం ట్యాంకులుంటాయి గదా, అక్కడ పెరిగి, ఆమ్లాలు వదిలి, అల్యూమినియంను తినేసింది. అప్పట్నుంచి ట్యాంకుల్లో నీళ్ళు తీసెయ్యడం, బూజు చంపే మందు కలపడం విమానాల నిర్వహణలో భాగమయ్యాయి. పెట్రోలు బంకుల్లో డిప్ రాడ్డుకు పేస్టు రాసి అడుగున నీళ్ళున్నాయా అని చూస్తారు చూడండి, ఆ పరీక్ష కొలత సంగతి కోసమే కాదు, దీనికీ పనికొస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు మియోషి 1895లోనే బూజు పోగులు పారాఫిన్ మైనాన్ని తొలుచుకుంటూ పోవడం చూసి రాశాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళు దీన్ని అందరూ ఒక నష్టంగానే చూశారు. లాభంగా చూసినవాడు ఫ్రెంచి మనిషి ఆల్‌ఫ్రెడ్ షంపాన్యా. మార్సేయ్ పక్కన లావేరా అనే చోట బీపీ అనే బ్రిటిష్ చమురు కంపెనీ వాళ్ళ రిఫైనరీ ఉండేది, ఆయన అక్కడ పనిచేసేవాడు.

ఆయనకు ఎదురైన సమస్య తిండిది కాదు. చలి దేశాల్లో డీజిల్ రకం చమురులో ఉన్న మైనం గడ్డకట్టి పైపులో కదలదు. ఆ మైనాన్ని తియ్యాలంటే చల్లబరచాలి, ద్రావకాలు పొయ్యాలి, ఖర్చు. ఈస్టును వదిలితే అది మైనాన్నే ఏరుకు తింటుంది, కొమ్మల అణువుల్నీ వలయాల అణువుల్నీ ముట్టదు. అంటే చమురు దానంతటదే శుభ్రపడుతుంది, మిగిలిన ఈస్టు ఉచితంగా వచ్చిన మాంసకృత్తులు. 1960ల మొదట్లో ఈ సంగతి బయటికి వచ్చింది. అది ఎలాంటి కాలమో పెద్దవాళ్ళకు గుర్తుండాలి. ప్రపంచానికి ప్రొటీను కొరత వస్తోందని ఐక్యరాజ్యసమితి కమిటీలు వేస్తున్న రోజులు. మనం అమెరికా సాయంగా పంపిన పీఎల్-480 గోధుమలతో నెట్టుకొస్తున్న రోజులు. ‘పెట్రోలియం నుంచి ప్రొటీను’ అంటే జనం చెవులు నిక్కబొడుచుకున్నారు. ఆ పేరు వింటే తినబుద్ధి కాదని కాబోలు, 1966లో అమెరికాలో ఎంఐటీలో దీనికి ‘సింగిల్ సెల్ ప్రొటీన్’ అని మర్యాదగా పేరు పెట్టారు. షంపాన్యాకు 1976లో యునెస్కో సైన్స్ బహుమతి వచ్చింది. బహుమతి వచ్చేనాటికి ఆయన పరిశ్రమ కూలిపోయే దశలో ఉంది, అది వేరే విషయం.

ఇంతకీ ఈస్టు ఈ పని ఎలా చేస్తుంది? విద్యార్థులు ఇక్కడ కాస్త శ్రద్ధ పెట్టండి, దాణా వాళ్ళు కావాలంటే టీ తాగి రావచ్చు. (నవ్వులు)

మైనం నీళ్ళలో కరగదు. కాబట్టి మొదటి పని, దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టడం. ఈస్టే సబ్బు లాంటి పదార్థాన్ని తయారుచేసుకుని వదులుతుంది. తర్వాత బిందువుకు అతుక్కుని అణువును లోపలికి లాక్కుంటుంది. లోపల సైటోక్రోమ్ పీ-450 అనే ఎంజైము ఉంటుంది. మన కాలేయంలో మందుల్ని విరిచేదీ ఈ కుటుంబపు ఎంజైమే. అది గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గొలుసు చివరి కార్బన్‌కు తగిలిస్తుంది. మైనం ఆల్కహాలయింది. ఇంకో రెండు మెట్లలో అది కొవ్వు ఆమ్లం అవుతుంది. అక్కడికి చేరిందంటే ఇక ఈస్టుకు అది పరాయి సరుకు కాదు, మనం తిన్న నెయ్యి లాంటిదే. పెరాక్సిజోము అనే అరలోకి తీసుకెళ్ళి, చెరుకుగడను కొసనుంచి కణుపు కణుపుగా నమిలినట్టు, రెండేసి కార్బన్ల చొప్పున తుంచుతూ పోతుంది. ఆ రెండు కార్బన్ల ముక్కలతో తన ఒళ్ళంతా కట్టుకుంటుంది. నైట్రోజన్‌కు అమ్మోనియా ఇస్తాం, భాస్వరానికి ఫాస్ఫేటు, కాస్త ఇనుము, మెగ్నీషియం. అంతే. ఈ పని బాగా చేసేవి కాండిడా ట్రాపికాలిస్, కాండిడా మాల్టోసా, యారోవియా లిపొలిటికా. మూడోదాన్ని పాత పుస్తకాల్లో కాండిడా లిపొలిటికా అని చూస్తారు, తికమక పడకండి, రెండూ ఒకటే.

దిగుబడి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కిలో చక్కెర పోస్తే అర కిలో ఎండు ఈస్టు వస్తుంది. కిలో మైనం పోస్తే దాదాపు కిలో వస్తుంది. అందులో అరవై శాతం దాకా ప్రొటీను. ప్రొటీనును కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్ బాగానే ఉంటుంది, అంటే మన జొన్న, మొక్కజొన్న దాణాలో తక్కువయ్యేది ఇందులో ఉంది. మిథియోనిన్ తక్కువ, దాన్ని విడిగా కలపాలి. కోళ్ళ వాళ్ళకు ఆ లెక్క నేను చెప్పక్కర్లేదు.

మరి చిక్కెక్కడ? చక్కెర బరువులో సగానికి పైగా ఆక్సిజనే ఉంటుంది. మైనంలో ఒక్క ఆక్సిజన్ పరమాణువు కూడా లేదు. కాబట్టి ఆ ఆక్సిజనంతా మనం గాలి రూపంలో పంపించాలి, చక్కెర మీద పెంచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత ఆక్సిజన్ ఖర్చయిందంటే అంత వేడీ పుడుతుంది. ఈస్టుకు ముప్పై, ముప్పై రెండు డిగ్రీలు కావాలి. వదిలేస్తే ఫెర్మెంటరు, అంటే ఈస్టును పెంచే తొట్టి, తనంతట తానే ఉడికిపోతుంది. స్కాట్లాండులో గ్రేంజ్‌మౌత్ దగ్గర బీపీ వాళ్ళకు సముద్రం చల్లటి నీళ్ళు ఇచ్చింది. మన బెజవాడలో మే నెలలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళే ముప్పై దాటి ఉంటాయి. దేన్ని పెట్టి దేన్ని చల్లార్చాలి? చిల్లర్లు పెట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి. కొండపల్లి దగ్గర చమురు డిపోలున్నాయి, పక్కనే కృష్ణ ఉంది, ఫ్యాక్టరీ పెట్టెయ్యొచ్చు కదా అని ఇంతకుముందు ఒకాయన అడిగారు. నాకు మొదట గుర్తొచ్చేది ఈ ఎండే.

అయినా చాలామంది పెట్టారు. బీపీ లావేరాలో ఏడాదికి పదహారు వేల టన్నుల యూనిట్ కట్టింది, అక్కడ చమురును నేరుగా పోసేవారు. గ్రేంజ్‌మౌత్‌లో నాలుగు వేల టన్నులది, అక్కడ ముందే వడగట్టిన స్వచ్ఛమైన పారాఫిన్ పోసేవారు. సరుకు పేరు టోప్రినా. కోళ్ళకీ పందులకీ దూడలకీ పెట్టి తరాల తరబడి పరీక్షించారు. ఆ రోజుల్లో ఏ దాణాకూ జరగనంత పరీక్ష దీనికి జరిగిందంటే అతిశయోక్తి కాదు. ఇటలీలో సార్డీనియా దీవిలో లక్ష టన్నుల ఫ్యాక్టరీ కట్టారు. జపాన్ కంపెనీలు సిద్ధమయ్యాయి. మన దేశంలో డెహ్రాడూన్ పెట్రోలియం సంస్థలోనూ, జోర్హాట్ ప్రాంతీయ పరిశోధనశాలలోనూ దీని మీద పని జరిగింది. సోవియట్ వాళ్ళయితే లక్షల టన్నుల్లోకి వెళ్ళిపోయారు.

తర్వాత ఒక్కొక్కటీ మూతపడ్డాయి. జపాన్‌లో 1973లో వినియోగదారుల సంఘాలు ‘పెట్రోలు ప్రొటీను మాకొద్దు’ అని గట్టిగా నిలబడ్డాయి, కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఇటలీలో లక్ష టన్నుల ఫ్యాక్టరీ కట్టడం అయితే అయింది, ఆరోగ్యశాఖ అనుమతి మాత్రం రాలేదు. తిన్న పందుల కొవ్వులో పారాఫిన్ అవశేషాలు, బేసి సంఖ్య కార్బన్ల కొవ్వు ఆమ్లాలు కనపడ్డాయన్నది అభ్యంతరం. బీపీ వాళ్ళు విసిగిపోయి 1970ల చివర్లో వదిలేసుకున్నారు.

జనం భయం అంతా అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను వాళ్ళలో లేను. ముడిచమురులో క్యాన్సర్ తెచ్చే వలయాల అణువులు ఉన్నమాట నిజం. శుభ్రం చేసిన పారాఫిన్‌తో పెంచితే ఆ బెడద దాదాపు పోతుంది, అదీ నిజమే. కానీ రేపు ధర పెరిగితే అంతే శుభ్రంగా చేస్తారని ఎవరు హామీ ఇస్తారు? ఇంకో సంగతి, ఈస్టులో న్యూక్లియిక్ ఆమ్లాలు ఎక్కువ. అవి మన ఒంట్లో యూరిక్ ఆమ్లం అవుతాయి. పశువులకు దాన్ని విరిచే యూరికేజ్ అనే ఎంజైము ఉంది, మనకు లేదు. అందుకే మనిషి రోజుకు రెండు గ్రాములకు మించి ఈ రకం న్యూక్లియిక్ ఆమ్లం తినకూడదని నిపుణుల సంఘం హద్దు పెట్టింది. ఎక్కువ తింటే కీళ్ళవాతం, మూత్రపిండాల్లో రాళ్ళు.

సోవియట్ ఉదాహరణ ఇంకా గట్టిది. లెనిన్‌గ్రాడ్ దగ్గర కిరిషి అనే ఊళ్ళో 1970లలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు. ఎండు ఈస్టు ధూళి చిమ్నీల్లోంచి ఊరి మీద పడింది. ఊళ్ళో ఎలర్జీలు, ఉబ్బసం. 1987లో జనం వీధుల్లోకి వచ్చారు. ఆ దేశంలో ఆ రోజుల్లో ఒక ఫ్యాక్టరీకి ఎదురుగా జనం నిలబడ్డారంటే వాళ్ళు ఎంత విసిగిపోయి ఉండాలో ఊహించండి. అక్కడ తప్పు ఈస్టుది కాదు, దాణాదీ కాదు. ధూళిని పట్టే ఫిల్టర్లకు డబ్బు పెట్టకపోవడం. మన మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ధూళి సంగతి నేను చెప్పాలా!

ఇవన్నీ ఉన్నా, అసలు దెబ్బ వేరేచోట తగిలిందని నా నమ్మకం. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. మూడు డాలర్లున్న పీపా, 1974 జనవరికి పన్నెండు డాలర్ల దగ్గరకెళ్ళింది. అవతల అమెరికా, ఆ తర్వాత బ్రెజిల్ సోయా కుప్పలుగా పండించాయి. దాణా అంటే కిలోకు కొన్ని పైసల తేడాలో కొట్టుకునే వ్యాపారం. ముడిసరుకు నాలుగు రెట్లు పెరిగాక ఎంత తెలివైన ఈస్టయినా సోయా చెక్కతో పోటీ పడలేదు. నిరసనలు లేకపోయినా ఈ ఫ్యాక్టరీలు మూతపడేవి. సోవియట్ వాళ్ళవి ఎక్కువ కాలం నడిచాయంటే అక్కడ చమురు ధర లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి.

సిట్రిక్ ఆమ్లానిదీ ఇదే కథ. నిమ్మ ఉప్పు అని మీరు కొనేది మామూలుగా ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్ల బూజుతో, చక్కెర, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) మీద తీస్తారు. యారోవియా పారాఫిన్ మీద కూడా బ్రహ్మాండంగా తీస్తుందని 1970లలో తేలింది. ఐసోసిట్రిక్ అనే తోబుట్టువు కూడా కలిసి వచ్చి విడదియ్యడం చిక్కయ్యేది, అది కొంత. చమురు ధర మిగతాది. మళ్ళీ మొలాసిస్‌కే వచ్చారు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ మీదుగా వెళ్ళేటప్పుడు వచ్చే ఆ పులిసిన వాసన గుర్తుంది కదా, దాని ముందు మైనం నిలవలేదు.

ఇక నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. ఇందాక చెరుకుగడను కొసనుంచి నమలడం గురించి చెప్పాను. ఆ నమిలే మొదటి ఎంజైము జన్యువును తీసేస్తే ఏమవుతుంది? ఈస్టు గొలుసును ఒక చివర ఆమ్లం చేస్తుంది, కానీ తుంచలేదు. ఊరుకోకుండా రెండో చివరకెళ్ళి అక్కడా ఆమ్లం చేస్తుంది. రెండు కొసలా ఆమ్లం ఉన్న పొడుగాటి గొలుసు, డైకార్బాక్సిలిక్ ఆమ్లం, తయారై బయట పేరుకుంటుంది. 1992లో హెంకెల్ కంపెనీ పరిశోధకులు కాండిడా ట్రాపికాలిస్‌లో ఈ జన్యువులను కత్తిరించి, లీటరుకు నూరు గ్రాములకు పైగా రాబట్టారు. రసాయన శాస్త్రంలో ఇది ఎంత కష్టమో కెమిస్ట్రీ వాళ్ళను అడగండి. పన్నెండు కార్బన్ల గొలుసులో మధ్యలో దేన్నీ ముట్టకుండా రెండు కొసలను మాత్రమే ఆక్సీకరించడం మామూలు ఉత్ప్రేరకాల వల్ల అయ్యే పని కాదు. ఈస్టు ముప్పై డిగ్రీల దగ్గర, నీళ్ళలో, చేసి పెడుతుంది.

పన్నెండు కార్బన్ల ఆమ్లంతో నైలాన్ 612 చేస్తారు. పొద్దున్నే మీరు నోట్లో పెట్టుకునే టూత్‌బ్రష్ కుచ్చు చాలా రకాల్లో ఆ నైలానే. నీళ్ళు తక్కువ పీలుస్తుంది కాబట్టి తడిసినా మెత్తబడదు. పదమూడు కార్బన్ల ఆమ్లంతో కస్తూరి వాసన వచ్చే పదార్థం చేస్తారు, సబ్బుల్లోకీ అత్తర్లలోకీ వెళ్తుంది. షాంఘైకి చెందిన కేథే బయోటెక్ ఈ ఆమ్లాలను ఈస్టుతోనే పెద్ద ఎత్తున తయారుచేసి ప్రపంచానికి అమ్ముతోంది. చూడండి, అదే ఈస్టు, అదే మైనం. దాణాగా అమ్మితే నష్టం, నైలాను ముడిసరుకుగా అమ్మితే లాభం. పారాఫిన్ ధర రెట్టింపైనా అత్తరు వ్యాపారి భరిస్తాడు, కోళ్ళ రైతు భరించలేడు. దాణా కోసం ముప్పై ఏళ్ళు పాటుపడినవాళ్ళు ఈస్టును సరిగ్గానే ఎంచుకున్నారు, కొనేవాణ్ణి తప్పుగా ఎంచుకున్నారు.

బూజుల వంతు ఇప్పుడొస్తోంది. ప్లాస్టిక్ సంచీ కూడా పొడుగాటి హైడ్రోకార్బన్ గొలుసే. అంత పొడుగు గొలుసును బూజు నేరుగా తినలేదు. అమెరికాలో కాన్సాస్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల వాళ్ళు పాలిథీన్‌ను ఆక్సిజన్‌తో, ఉత్ప్రేరకంతో విరిచి, ఇందాక చెప్పినట్టు రెండు కొసలా ఆమ్లం ఉన్న చిన్న గొలుసులుగా మార్చి, ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ అనే బూజుకు పెట్టారు. దాని జన్యువుల్లో మార్పులు చేసి ఉంచారు కాబట్టి అది మందుల తయారీకి పనికొచ్చే అణువులను తీసిచ్చింది. ఇది ల్యాబు స్థాయి. రేపే సింగ్‌నగర్ చెత్తకుప్పంతా మందులైపోతుందని వాట్సాప్‌లో పెట్టకండి దయచేసి.

ప్రశ్నలుంటే అడగండి.

(కైకలూరు నుంచి వచ్చిన ఒక చేపల రైతు: మాస్టారూ, పశువులకు ఇబ్బంది లేదన్నారు కదా. తవుడు, వేరుశనగ చెక్క ధరలు మండిపోతున్నాయి. మా చెరువులకు ఇది దొరికితే వాడొచ్చా?)

చేపలకు యూరికేజ్ ఉందండి, ఆ వైపు భయం లేదు. కానీ పారాఫిన్ మీద పెంచిన ఈస్టు మీకు చవగ్గా దొరకదు. శుభ్రమైన నార్మల్ పారాఫిన్ ఇవాళ ఎక్కువగా ఎక్కడికి పోతోందో తెలుసా? బట్టల సబ్బు పొడికి. దాంట్లో నురగ తెప్పించే ముఖ్య పదార్థం పారాఫిన్ నుంచే చేస్తారు. అంటే మీ చేప, సర్ఫు డబ్బాతో వేలంపాట పాడాలి. గెలవదు. ఇప్పుడు చేపల మేతకు ముందుకొస్తున్నది సహజవాయువు మీద పెంచే బాక్టీరియా ప్రొటీను. చైనాలో చోంగ్‌చింగ్‌లో ఇరవై వేల టన్నుల ఫ్యాక్టరీ వచ్చింది. గ్యాసు మన గోదావరి జిల్లాల్లోనూ ఉంది, కాబట్టి మీరు ఆరా తియ్యదలచుకుంటే దాన్ని గురించి తియ్యండి. ఎవరైనా ‘పెట్రో ఈస్టు’ అని సంచీ తెచ్చి చవగ్గా ఇస్తామంటే మాత్రం ల్యాబు రిపోర్టు అడగండి, ముఖ్యంగా వలయాల హైడ్రోకార్బన్లది. రిపోర్టు లేకపోతే చెరువులో వెయ్యొద్దు.

(ఒక విద్యార్థిని: సర్, ఇది మా కాలేజీ ల్యాబులో చేసి చూడొచ్చా?)

భేషుగ్గా చూడొచ్చమ్మా. కాలేజీ జనరేటరు ట్యాంకు అడుగు కుళాయి తిప్పి, కొంచెం నీళ్ళు పట్టు. లేదా మెకానిక్ షెడ్డు ముందు నూనె పీల్చిన మట్టి ఒక చెంచా. బుష్నెల్-హాస్ మీడియం కలుపు, అందులో కార్బన్ ఉండదు, లవణాలే ఉంటాయి. దాని పీహెచ్ ఏడు, మనకు కావల్సింది ఈస్టు కాబట్టి అయిదు కిందకు దించు, బాక్టీరియా వెనకబడతాయి. ఫ్లాస్కులో అయిదో వంతు మీడియం పోసి, నూటికి ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున డీజిల్ వెయ్యి. మూతకు దూది పెట్టు, బిగించకు, గాలి కావాలి. ఇంకో ఫ్లాస్కులో డీజిల్ లేకుండా అన్నీ వేసి పక్కన ఉంచు, తేడా తెలియాలి. షేకరు మీద వారం పది రోజులు. పక్కన బర్నరు వెలిగించొద్దు, లూపు కాల్చేటప్పుడు ఫ్లాస్కు దూరంగా పెట్టుకో. పైన తేలే డీజిల్ పొర పాలలా తెల్లబడుతుంది, చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే నూనె బిందువుల చుట్టూ ఈస్టు కణాలు అతుక్కుని కనపడతాయి. ఒక్కటి గుర్తుంచుకో, కాండిడాల్లో కొన్ని మనిషికి జబ్బు చేసేవి, ట్రాపికాలిస్ కూడా. అందుకని చేతికి గ్లౌజులు, అయిపోయాక ఆటోక్లేవులో ఆవిరి పెట్టి అన్నిటినీ చంపెయ్యాలి. సింకులో పారబొయ్యకు.